బుంగమూతి గది

మార్చి 4

బావగారికి మరదలి నమస్కారాలు.

రేపు ఉదయం మమ్మల్ని ఆరుగురినీ లోపల పెట్టి తలుపు మూసేస్తారు. జూన్ దాకా తియ్యరు. ఫోన్లు ఇప్పటికే తీసేసుకున్నారు. వారానికోసారి గోడలోని ఒక పెట్టెలోంచి ఉత్తరాలు లోపలికొస్తాయి, బయటికి పోతాయి. చంద్రుడి మీదున్న మనిషికి ఇంటివాళ్ల గొంతు అంత సులువుగా దొరక్కూడదని మా కమిటీ పెద్దాయన నియమం. అక్కడి నుంచి మాట ఇక్కడికి రావడానికి రెండు సెకన్లు కూడా పట్టదని నేనన్నాను. ఆ సంగతి తనకూ తెలుసని ఆయనన్నారు. చర్చ అక్కడితో ముగిసింది.

చంద్రుడి మీద ఇంటికి స్లాబు పడిందా అని కనిపించినప్పుడల్లా ఏడిపిస్తారు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను. స్లాబు ఉండదు. పీపాల్లాంటి మూడు గదుల్ని పక్కపక్కన పెట్టి, వాటి మీద మనిషెత్తుకు మించి అక్కడి మట్టినే కప్పుతాం. గాలి లేని చోటు, పైనుంచి వచ్చి పడే కిరణాల్ని ఆపడానికి ఆ మట్టే దిక్కు. అందుకని కిటికీలుండవు. పైకప్పు మాత్రం ఎత్తు, ఎందుకంటే అక్కడ మన బరువు ఆరో వంతే. కుర్చీలోంచి గబుక్కున లేచినవాడు తల పగలగొట్టుకుంటాడు. సూట్లు బయటి గోడకే తగిలించి ఉంటాయి, లోపలి నుంచి వాటి వీపులోకి దూరాలి. అక్కడి దుమ్ము గాజుపొడిలా గరుకు, లోపలికొస్తే మనుషుల్నీ వదలదు, యంత్రాల్నీ వదలదు. ఇదంతా ఊరి చివర ఒక పాత గోడౌన్‌లో నమూనాగా కట్టాం. నక్షా గీసిన మనిషిని లోపల పెట్టి చూస్తే గీత సంగతి తేలుతుందని, ఆరో మనిషిగా నన్నే వేశారు.

ఇప్పుడు అసలు విషయం. నీళ్ల ట్యాంకుకీ స్టోరుకీ మధ్య నేనొక గది పెట్టాను. గది అంటే మోకాళ్లు ముడుచుకుని ఒక మనిషి కూర్చునేంత. పక్కకి జరిగే తలుపు.

"ఇందులో ఏం చేస్తారు?" అని పెద్దాయన అడిగారు.

"ఏమీ చెయ్యరండీ. కోపం వచ్చినవాళ్లు వెళ్లి కూర్చుంటారు."

"పడక మీద కూర్చోవచ్చుగా?"

"పడకెక్కితే నిద్రపోయాడనుకుంటారండీ. అలిగాడని ఎవరికి తెలుస్తుంది?"

ఆయన చాలాసేపు కాగితాలు తిరగేశారు. చివరికి తేల్చిందేమిటంటే, ఈ పరీక్ష అయ్యేలోపు ఎవరైనా దాన్ని నిజంగా వాడితే ఉంచుతారు. లేకపోతే అందులో గాలి ఫిల్టర్లు పెడతారు. ఈ స్థావరంలో నాదీ అని చెప్పుకోదగ్గది ఆ ఒక్క గదే, బావా. మిగిలినవన్నీ ఎవరు గీసినా అలాగే వస్తాయి.

నక్షాలో దానికి 'బుంగమూతి గది' అని పేరు రాశాను. ఆ పేరు ఎవరిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మా రెండు గదుల ఇంట్లో అలక వస్తే అక్క బీరువాకీ గోడకీ మధ్య సందులో దూరేది. నాన్న పెట్టిన పేరు అది. గది కొలతలు కూడా ఆ సందువే. నక్షా నకలు ఒకటి మీకు పంపుతున్నాను, మెచ్చుకుంటారని. అక్కకి మాత్రం చూపించకండి. గది నిలబడ్డాక నేనే వచ్చి చూపిస్తాను.

వెళ్లి తలస్నానం చెయ్యాలి. రేపటి నుంచి నీళ్లు కొలిచి పోస్తారు.

మీ మరదలు


మార్చి 14

చిరంజీవి మరదలికి బావ దీవెనలు. భూమి మీద అందరం కులాసా.

నక్షా అందింది. ఇన్నేళ్ల నుంచి ఎవరెవరి బొమ్మలకో ఫ్రేములు కడుతున్నాను, మనవాళ్లు గీసినదానికి కట్టే యోగం ఇప్పటికి పట్టింది. ముదురు చెక్క బీడింగ్, నక్షా చుట్టూ మీగడ రంగు అట్ట మౌంట్, మెరుపు కొట్టని గాజు. అక్కకి చూపించొద్దన్నావు కాబట్టి ఇంటికి తీసుకెళ్లలేదు, కొట్లోనే తగిలించాను. మీ అక్క కొట్టుకి రాదు, ఇక్కడి జిగురు వాసన తనకి పడదు. నీ మాట జవదాటలేదని గమనించగలవు.

ఒక పక్క పట్టా పుచ్చుకుంటున్న అమ్మాయి ఫొటో, ఇంకో పక్క అస్తమిస్తున్న సూర్యుడు, మధ్యలో నీ చంద్రుడు. వచ్చినవాళ్లంతా దాని ముందే ఆగుతున్నారు. ఒకాయన తన అత్తగారి కోసం ఇలాంటి గది కట్టించడానికి ఎంతవుతుందని అడిగాడు. అడిగినవాళ్లకి, అడగనివాళ్లకి కూడా ఆ పేరు కథ చెబుతున్నాను. పై అంతస్తు పళ్ల డాక్టరు తన దగ్గరికొచ్చినవాళ్లని కిందికి పంపి మరీ వినిపిస్తున్నాడు. వాళ్లు ఎలాగూ నోరు తెరుచుకునే ఉన్నారు.

నువ్వు సరిగ్గా తింటున్నావా అని మీ అక్క రోజూ అడుగుతుంది. తింటోందని నేనూ రోజూ చెబుతున్నాను. నాకెలా తెలుసని తను ఇంతవరకు అడగలేదు.

ఒక్క సందేహం. స్నానం ఎలా చేస్తారు?

ఉంటాను, గాజు కొయ్యాలి.

నీ బావ


మార్చి 23

బావగారికి,

తడిగుడ్డతో. పిండిన నీళ్లు శుద్ధి అయి మర్నాడు మంచినీళ్లుగా వస్తాయి. ఇంకేమీ అడక్కండి.

కొట్లో తగిలించారని చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. అక్క చూడకపోతే చాలు.

నా బాధ వేరే ఉంది. ఇక్కడ ఎవరూ అలగడం లేదు. డాక్టరమ్మ, రాళ్ల పరిశోధన చేసే ఆయన, మొక్కలు పెంచే ఆవిడ, రేడియో చూసుకునే ఆయన, కరెంటు ఇంజనీరు, నేను. నన్ను తప్ప అందరినీ నానా రకాల పరీక్షలు పెట్టి, ఎంత గిల్లినా కోపం రానివాళ్లని ఏరి తెచ్చారు. నేను రాళ్లాయన చెంచా దాచేశాను. ఆయన చేత్తో తిని, తక్కువ సామాన్లతో బతకడం బాగుందని నాకే థ్యాంక్స్ చెప్పాడు. రేడియో ఆయన పాడుతుంటే బాగోలేదన్నాను. నిజమేనన్నాడు. ఇలాంటివాళ్లతో గది ఎప్పటికి నిండుతుంది?

అందులో నేనేం లోటు చేశానో తెలియడం లేదు. పక్కనే పంపు మోత కాబట్టి గోడలకి మెత్తటి పరుపు కొట్టించాను. తలుపు వేశాక బయటి లోకం ఉందో లేదో తెలియదు. 'లోపల మనిషి ఉన్నప్పుడు పిలవరాదు, పలకరించరాదు' అని నియమం రాసి తలుపుకి అంటించాను. నిన్న మొక్కలావిడ వచ్చి, ఖాళీగానే ఉంది కదా, మొలకల ట్రేలు పెట్టుకోనా అని నవ్వుతూ అడిగింది. ఫిల్టర్లయితే వాదించగలను. మొలకలు పెద్దాయనకి నచ్చేస్తాయి.

మీరొక సాయం చెయ్యాలి. అక్కకి అలక ఎలా మొదలవుతుందో, ఎలా ముదురుతుందో కాస్త కనిపెట్టి రాయండి. చిన్నప్పటి సంగతులే గుర్తున్నాయి నాకు. ఇప్పటివి కావాలి.

ఎవరికీ కోపం తెప్పించలేని
మీ మరదలు


ఏప్రిల్ 3

మరదలికి,

నువ్వు అడిగినట్టే కనిపెట్టాను. పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. సోమవారం సాయంత్రం నుంచి మీ అక్క నాతో మాట్లాడటం లేదు.

కారణం తెలియదు. మొదట పాత పేము కుర్చీ ఎవరికో ఇచ్చేసినందుకు అనుకున్నాను. వెళ్లి బతిమాలి వెనక్కి తెచ్చాను. దాన్ని చూసి, ఇదెందుకు తెచ్చారన్నట్టు చూసింది. అనలేదు, చూసింది. పోనీ సోమవారం కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వెళ్లినందుకా అనుకుంటే, సాయంత్రం చూస్తే అది కొట్లో నా బల్ల మీదే ఉంది. అంటే మర్చిపోలేదన్నమాట. అదీ కారణం కాదు.

ఇక నీ పరిశోధనకి పనికొచ్చేవి. తను ఉండేది కుట్టు మిషను ఉన్న వెనక గదిలో. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది, గడియ పెట్టదు. వంట మామూలుగానే చేస్తుంది, నాకు బల్ల మీద పెట్టి తన కంచం లోపలికి తీసుకెళుతుంది. ఉప్పు ఎక్కువా కాదు, తక్కువా కాదు, అదే భయంగా ఉంది. ఆ గది పక్క నుంచే మేడ మెట్లు. సాయంత్రాలు కింది మెట్టు మీద కూర్చుని పేపరు పైకి చదువుతున్నాను. నేను చదువుతుంటే మిషను ఆగుతుంది. ఆపితే మొదలవుతుంది.

చంద్రుడి కోసం నా సంసారం ఇలా ఉపయోగపడుతున్నందుకు సంతోషమే. కానీ త్వరగా ఏదో ఒకటి చెప్పు.

నీ బావ


ఏప్రిల్ 11

బావగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీకు కష్టంగా ఉందని తెలుసు, కానీ నాకింత మంచి సమాచారం ఎప్పుడూ దొరకలేదు. గడియ పెట్టదన్న సంగతి వెంటనే వాడుకున్నాను. మా తలుపుకున్న గడియ తీసేయించాను.

కొన్ని వివరాలు కావాలి. తను తలుపు వైపు తిరిగి కూర్చుంటుందా, గోడ వైపా? మీరు ఇల్లు వదిలి వెళ్లినప్పుడు బయటికొస్తుందా?

ఒక సలహా. ఆ మెట్టు మీద నుంచి లేవండి. పేపరు చదవకండి, పిలవకండి. అలిగిన మనిషిని పూర్తిగా తన మానాన వదిలేస్తే అలక దానంతటదే చల్లారుతుందన్నదే నా గదికి పునాది. అక్క విషయంలో అది రుజువైతే కమిటీ ముందు నేను గట్టిగా మాట్లాడగలను. పేరు లేకుండానే రాస్తాను లెండి.

ఇక్కడ అంతా ప్రశాంతం. చచ్చేంత ప్రశాంతం.

మీ మరదలు


ఏప్రిల్ 24

మరదలికి,

నీ సలహా పాటించాను. మెట్టు మీద నుంచి లేచాను, పేపరు కొట్లోనే చదువుకున్నాను, పిలవలేదు. ఫలితం రాస్తున్నాను, రాసుకో. మిషను చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. కంచం లోపలికి ఎలా వెళ్లిందో అలా బయటికొస్తోంది. నీ పునాది సంగతి నువ్వు చూసుకో, నేను మాత్రం నిన్న మళ్లీ మెట్టు మీదికి చేరాను.

అసలు కారణం పళ్ల డాక్టరు చెప్పాడు. ఆ సోమవారం నేను ఫ్రేములు అందించడానికి బయటికెళ్లినప్పుడు మీ అక్క నా కళ్లజోడు పట్టుకుని కొట్టుకి వచ్చింది. నక్షా ముందు నిలబడి అక్షరం అక్షరం చదువుతోంది. అత్తగారికి గది కావాలన్నాయన అక్కడే ఉన్నాడు. తనెవరో తెలియక, పాపం, వివరించాడు: "ఈ కొట్టాయన భార్యకి ముక్కు మీద కోపమటండీ. భూమి మీద చోటు చాలక చంద్రుడి మీద గది కట్టిస్తున్నారు." తను కళ్లజోడు బల్ల మీద పెట్టి, ఇక్కడ జిగురు వాసన ఎక్కువగా ఉందని చెప్పి వెళ్లిపోయిందట.

నిన్న తలుపు బయట కూర్చుని అడిగాను. "గీసింది మీ చెల్లెలు, తగిలించింది నేను. కోపం ఎవరి మీద?"

ఇన్నాళ్లకి మాట వినబడింది. "మీ సంగతి నాకు మామూలే. అదే నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. దాని ఆఫీసు గోడల నిండా నేనేనా?"

ఇంకో మాట కూడా అంది. "ఈ సంగతి దానికి రాయకండి. మూసిన చోట ఉంది. ఏడ్చినా వెళ్లేవాళ్లం లేము."

రాయొద్దంది. రాశాను. ఒకరు చూపించొద్దంటారు, ఒకరు రాయొద్దంటారు. అక్కచెల్లెళ్ల మధ్య నా పని అయిపోయింది.

నక్షా గోడ మీద నుంచి తీసేశాను. మేకు మాత్రం మిగిలింది.

నీ బావ


మే 2

బావా,

మీ ఉత్తరం చదివి లేచి వెళ్లి ఆ గదిలో కూర్చుని తలుపు వేసుకున్నాను. కమిటీ కోసం కాదు. ఇంకెక్కడికీ వెళ్లబుద్ధి కాలేదు.

లోపల ఏమీ వినబడలేదు. పరుపు అంత బాగా కుదిరింది. భోజనాల వేళ అయిందని ఆకలిని బట్టి తెలిసింది. ఎవరైనా వచ్చి ఒక్కసారి తలుపు తడతారని ఎదురుచూశాను. తట్టలేదు. ఆకలికి తాళలేక నేనే బయటికొచ్చాను. అందరూ తినేశారు, నా వంతు మూతపెట్టి ఉంచారు. "ఏడుస్తున్నావేమో అనిపించింది, కానీ తలుపు మీద పిలవరాదని రాసి ఉంది కదా" అని డాక్టరమ్మ అంది. ఆవిడ తప్పేం లేదు. రాసింది నేను. నా అంతటి దిక్కులేనిదాన్ని నేనే తయారుచేసుకున్నాను.

అక్కడ కూర్చున్నప్పుడు ఆ బీరువా సందు మొత్తం గుర్తొచ్చింది. అక్క లోపలుండేది. నేనెక్కడున్నాను? బయట, బీరువాకి వీపు ఆనించి, పలక ఒళ్లో పెట్టుకుని. ఏమీ మాట్లాడేదాన్ని కాదు. బలపం చప్పుడు చేస్తూ రాసుకునేదాన్ని, అంతే. అక్క అలక తీరితే లోపలి నుంచి బీరువాని ఒక్క తన్ను తన్నేది. నేను లేచి దారిచ్చేదాన్ని. సందు కొలతలు సెంటీమీటర్లతో సహా గీసి, నేను కూర్చున్న చోటు గీయడం మర్చిపోయాను, బావా. మిమ్మల్ని ఆ మెట్టు మీద నుంచి లేవమన్నదీ నేనే.

పరుపు మొత్తం పీకేశాం. తలుపు బయట, గోడకి ఆనించి, ఒక మనిషి కూర్చునే బల్ల బిగించాం. దానికి చోటు కోసం గదిని జానెడు తగ్గించాను. నియమం కాగితం చింపేశాను.

ఈ ఉత్తరం అక్కకి చదివి వినిపించండి. నవ్వించడానికి ఆ పేరు పెట్టలేదని చెప్పండి. ఆ గది లేని ఇల్లు ఇల్లులా అనిపించక పెట్టాను.

మీ మరదలు


మే 13

మరదలికి,

మెట్టు మీద కూర్చుని, తలుపుకి వినబడేలా చదివాను. నువ్వు ఆకలితో కూర్చున్న దగ్గర మిషను ఆగింది. పలక దగ్గరికొచ్చేసరికి తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"కోపం తగ్గి బయటికొచ్చానని దానికెవరు చెప్పారు?" అంది. "అది రాస్తూ రాస్తూ బీరువాకి ఆనుకుని నిద్రపోయేది. మెడ పట్టేస్తుందని వచ్చేదాన్ని."

రాత్రి భోజనానికి బల్ల దగ్గర కూర్చుంది. నాతో మాట్లాడుతోంది. కొట్టుకి వచ్చి నక్షా చూసి మౌంట్ రంగు బాగోలేదంది కూడా. నీకేమైనా రాస్తావా అని కాగితం, పెన్ను ఇచ్చాను. వాటితో జాకెట్టు కొలతలు రాసుకుంది. నీకు ఏమీ రాయలేదు. అడిగితే, "రాయడం దానికి వచ్చు, నాకు రాదు" అంది.

నేను రాయాల్సింది రాశాను. తిట్టుకోకు.

నీ బావ


మే 24

బావగారికి,

గది నిలబడింది.

మొక్కలావిడ రాళ్లాయన దాచుకున్న మట్టి నమూనాని మామూలు మట్టి అనుకుని మొలకలకి పోసింది. ఎంత గిల్లినా కోపం రాని ఆ మనిషి లేచి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. రేడియో ఆయన వెళ్లి బయటి బల్ల మీద కూర్చుని సన్నగా పాడటం మొదలుపెట్టాడు. మేమందరం పనులున్నట్టు నటిస్తూ అక్కడక్కడే తిరిగాం. చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఆ పాట ఆపితే వస్తాను." ఆపాడు. వచ్చాడు. మొక్కలావిడ మొదటి ఆకులు కోసి ఆయన కంచంలోనే వేసింది.

పెద్దాయన కెమెరాలో అంతా చూశారు. గదికి ఒప్పుకుంటూ కాగితం పంపారు. బల్ల కింద ఫిల్టర్లు పెట్టాలని షరతు. పేరు మాత్రం 'విరామ స్థలం' అని మార్చారు. అక్కకి ఇక ఆ బాధ లేదు.

ఇంత జరిగినా, ఈ వార్త ముందు చెప్పాల్సిన మనిషికి చెప్పాలనిపించడం లేదు. మూడు పెట్టెల ఉత్తరాలు వచ్చాయి, ఒక్కదాంట్లోనూ తన అక్షరం ముక్క లేదు. రాయడం రాదట. చాకలి పద్దు రాయడం వచ్చు, జాకెట్టు కొలతలు రాయడం వచ్చు. నాకూ రోషం ఉంది, బావా. తలుపు తీసిన రోజు మీ ఇంటికి రాను. తిన్నగా నా ఫ్లాట్‌కి వెళ్లిపోతాను. ఎవరూ రావక్కర్లేదు, ఎవరూ పిలవక్కర్లేదు. తనకి ఈ ముక్క చెప్పండి.

మీ మరదలు


జూన్ 6

మరదలికి,

చెప్పాను.

ఇది ఎక్కడి నుంచి రాస్తున్నానో ముందు చెప్పాలి. గోడౌన్‌లో, మీ పీపా బయట. మీ తలుపు సాయంత్రం గానీ తియ్యరని కాపలాదారు మొత్తుకున్నాడు. ఫర్వాలేదు, కూర్చుంటాం అంది మీ అక్క. అయినా ఇంత పొద్దున్నే ఎందుకమ్మా అని అతను అడిగితే, "లోపల మా చెల్లెలు అలిగి కూర్చుంది" అని చెప్పింది.

ఉత్తరాల పెట్టె పక్కన మట్టి బస్తాలు లేని చోటు ఒకటుంది, నీకు తెలిసే ఉంటుంది. అక్కడ రేకు గోడకి వీపు ఆనించి కూర్చుంది. కుట్టుపని ఒళ్లో పెట్టుకుంది. నీతో ఏమైనా చెప్పమంటావా అంటే వద్దంది. నేనొచ్చానని రాయకండి అని కూడా అంది. నా సంగతి నీకు తెలుసు.

మీ కమిటీకి ఒక మాట చెప్పు. లోపల ఎంత బాగా గీశారో గానీ, ఈ స్థావరానికి బయట కూర్చోవడానికి చోటు లేదు. ఆ పేము కుర్చీ మోసుకొచ్చాం కాబట్టి సరిపోయింది. నేను నిలబడే ఉన్నాను.

ఈ ఉత్తరం ఆఖరి పెట్టెలో లోపలికి వస్తోంది. అందగానే ఆ గోడ దగ్గరికి వెళ్లి లోపలి నుంచి ఒక్క తన్ను తన్ను. గట్టిగా తన్ను, మధ్యాహ్నం నుంచి మీ అక్క కునుకుపాట్లు పడుతోంది. మెడ పట్టేస్తుంది.

నీ బావ